పగిలిన ఫాగ్ లైట్ మీరే మార్చండి

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

చిట్టీ, బాబ్జీ,

మీరు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. ఎడమ ఫాగ్ లైట్, అంటే పొగమంచులో వేసుకోవడానికి బంపర్‌లో కింద ఉండే లైటు, దాని అద్దం పగిలింది. చుట్టూ ఉన్న నల్ల ప్లాస్టిక్ చట్రం బాగానే ఉంది, బంపర్‌కు గీత కూడా పడలేదు. ముందు వెళ్తున్న లారీ చక్రం కింద నుంచి రాయి ఎగిరి తగిలి ఉంటుంది. మెకానిక్ బంపర్ మొత్తం విప్పాలన్నాడని, బండి రోజంతా వదిలేసి వెళ్లమన్నాడని రాశారు. కొన్ని కార్లకు నిజంగానే విప్పాలి. చాలా వాటికి అక్కర్లేదు, చక్రం పక్క నుంచి చెయ్యి పెడితే అందుతుంది. మీ బండి అలాంటిదే. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతారు కాబట్టి రాస్తున్నాను. కాగితం బండి పక్కన పెట్టుకుని పని చేయండి.

సంక్రాంతి సెలవులకు లంబసింగి వెళ్తామన్నారు కదా, ముందు ఆ లైటు అంత కింద ఎందుకు ఉంటుందో తెలుసుకోండి. పొగమంచు అంటే గాల్లో తేలే సన్నని నీటి బిందువులు. అందులో హై బీమ్, అంటే దూరానికి కొట్టే హెడ్‌లైట్, వేస్తే వెలుగు ఆ బిందువులకు తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది. తెల్లారుజామున అరకు దారిలో అనంతగిరి ఘాట్ ఎక్కేవాళ్లను అడగండి, ఎదురుగా తెల్ల దుప్పటి కట్టినట్టు ఉంటుందంటారు. ఫాగ్ లైట్ దూరానికి కొట్టదు. నేలకు దగ్గరగా ఉండి, దగ్గరి రోడ్డునే వెడల్పుగా చూపిస్తుంది. దాని వెలుగుకు పైన కత్తితో కోసినట్టు అంచు ఉంటుంది, అంతకు పైకి పోదు. మలుపులో రోడ్డు అంచు, తెల్ల గీత, పక్కన లోయ వైపు రాళ్లు కనిపిస్తే చాలు, దాని పని అయినట్టే. అందుకే ఈ పనిలో బిగించడం కన్నా చివర్లో ఆ అంచు సరిచూసుకోవడమే ముఖ్యం. షాపుల్లో చాలామంది వదిలేసేది కూడా దాన్నే.

బాబ్జీ, పసుపు లైటు పెట్టిద్దామా అని అడిగావు. పసుపు వెలుగు మంచును చీల్చుకుని పోతుందని అందరూ అంటారు, కానీ అది నిజం కాదు. పొగమంచు బిందువులు వెలుగు తరంగాల కన్నా చాలా పెద్దవి, కాబట్టి ఏ రంగైనా దాదాపు ఒకేలా చెదురుతుంది. ఫ్రాన్స్‌లో 1993 దాకా కార్ల హెడ్‌లైట్లు పసుపుగానే ఉండాలన్న రూలు ఉండేది, తర్వాత తీసేశారు. కొందరి కళ్లకు పసుపు కాస్త హాయిగా ఉంటుందన్నది నిజమే. నీకు నచ్చితే పెట్టించుకో, మంచులో ఎక్కువ దూరం కనిపిస్తుందని మాత్రం ఆశపడకు.

సామాను కోసం గాజువాక ఆటోనగర్ వెళ్లండి. మోడల్, సంవత్సరం, వేరియంట్ మూడూ చెప్పండి. ఒకే మోడల్‌లో రెండేళ్ల తేడాకే బంపర్ మారిపోతుంది. ఎడమ, కుడి వేరు వేరు, అది కూడా చెప్పాలి. అద్దం పగిలింది కాబట్టి బల్బు ఒక్కటే మారిస్తే కుదరదు, ల్యాంపు మొత్తం మార్చాలి. పగులుకు సిలికాన్ పూస్తామని ఎవరైనా అంటే వద్దనండి. లోపలికి నీళ్లు పోయి, వెనకాల ఉన్న రిఫ్లెక్టర్ పూత ఊడిపోతుంది.

బల్బు రకం దాని అడుగున రాసి ఉంటుంది. హెచ్8 అయితే 35 వాట్లు, హెచ్11 అయితే 55, హెచ్16 అయితే 19. మూడూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, అడుగున చెవుల్లా పొడుచుకొచ్చిన ముక్కలే తేడా. ఒకదాని చోట ఇంకొకటి పట్టకూడదనే వాటిని అలా చేశారు. షాపువాడు ఆ చెవి కొంచెం గీకి "పట్టేస్తుందమ్మా" అంటే డబ్బులు వెనక్కి తీసుకోండి. 35 వాట్లకు తయారైన ల్యాంపులో 55 వేస్తే వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది, హోల్డర్ కాలుతుంది. మీది ఎల్ఈడీ రకమైతే ఈ గొడవ లేదు, బల్బు విడిగా ఉండదు, మొత్తం ఒకటే ముక్క.

ఇక విప్పడం. ఇంజన్ చల్లారాక, చదునైన చోట బండి పెట్టి హ్యాండ్ బ్రేక్ వేయండి. లైట్లు ఆపి స్టీరింగ్‌ను కుడికి పూర్తిగా తిప్పండి. అప్పుడు ఎడమ చక్రం ముందు భాగం లోపలికి పోయి, మీ చేతికి చోటు దొరుకుతుంది. తర్వాత తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి, ఎక్కువ బళ్లకు 10 నంబర్ పానా సరిపోతుంది. మామూలుగా జాకీ అవసరం రాదు. చోటు చాలక ఎత్తాల్సి వస్తే మాత్రం ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందకు తల పెట్టకండి. చిట్టీ, ఇది నీకు కాదు, తొందరపడే మీ అన్నయ్యకు.

చక్రం చుట్టూ నల్ల ప్లాస్టిక్ లైనర్ ఉంటుంది. దాని ముందు అంచున కొన్ని స్క్రూలు, కొన్ని గుండు క్లిప్పులు. క్లిప్పు మధ్యలో ఉన్న పిన్నును చదును స్క్రూడ్రైవర్‌తో పైకి లేపితే వదులవుతుంది, మొత్తాన్ని పట్టి లాగితే విరుగుతుంది. మనది సముద్రం ఊరు, స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, టీ తాగి వచ్చి అప్పుడు తిప్పండి. బలం పెడితే తల అరిగిపోతుంది, ఆ తర్వాత దాన్ని తీయడానికి నిజంగానే మెకానిక్ కావాలి. లైనర్ మొత్తం తీయక్కర్లేదు, ముందు భాగాన్ని చేత్తో వంచి పట్టుకుంటే చాలు.

లోపల ల్యాంపు వెనక భాగం, దానికి వైర్లు తగిలించిన ప్లాస్టిక్ కనెక్టర్ కనిపిస్తాయి. కనెక్టర్ మీద చిన్న నాలుక లాంటి లాక్ ఉంటుంది. దాన్ని బొటనవేలితో నొక్కి, ప్లాస్టిక్‌ను పట్టుకుని లాగాలి, వైర్లను కాదు. ఊడి వచ్చాక లోపలి పిన్నులు టార్చ్ వేసి చూడండి. ఆకుపచ్చ పొడి పట్టి ఉంటే అది ఉప్పు గాలి పని. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది ఆరనివ్వండి. ఈ పచ్చ పొడిని అలాగే వదిలేస్తే కొత్త ల్యాంపు కూడా నాలుగు రోజులకు మిణుకుమిణుకుమంటుంది. పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు మాడి ఉంటే మాత్రం కనెక్టర్ కూడా మార్పించాల్సిందే, అది ఎలక్ట్రీషియన్ పని.

ల్యాంపును మూడో నాలుగో స్క్రూలు పట్టుకుని ఉంటాయి. వాటితో పాటు ఇంకో స్క్రూ విడిగా కనిపిస్తుంది. అది ల్యాంపును పట్టుకునేది కాదు, వెలుగును కిందికీ పైకీ చేసే అడ్జస్టర్. దాన్ని ఇప్పుడు ముట్టుకోకండి. కొత్తది పెట్టేటప్పుడు స్క్రూలన్నీ ముందు చేత్తో రెండు చుట్లు ఎక్కించి, ఆ తర్వాతే బిగించండి. ప్లాస్టిక్ చెవులు కాబట్టి ఒత్తిడి ఎక్కువైతే టప్పున విరుగుతాయి. హాలోజన్ బల్బు (పైన చెప్పిన హెచ్ రకాలు) అయితే గాజును వేళ్లతో పట్టుకోకండి. వేలి నూనె అంటిన చోట గాజు మరీ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడవండి.

లైనర్ మూసేముందు బ్యాటరీ కలిపి లైటు వేసి చూడండి. వెలగకపోతే టెన్షన్ పడకుండా కుడివైపు బల్బు తెచ్చి ఇక్కడ పెట్టండి. వెలిగితే మీ కొత్త బల్బులోనే లోపం. రెండు వైపులా వెలగడం లేదంటే ఫ్యూజు చూడండి. 55 వాట్ల బల్బు 12 వోల్టుల మీద నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది, రెండూ కలిపి తొమ్మిది. ఫ్యూజు పెట్టె మూత మీద ఎంత రాసి ఉందో అంతదే వేయండి. పెద్ద ఫ్యూజు వేస్తే అది కాలదు, వైర్లు కాలతాయి.

ఇప్పుడు అసలు సంగతి. చీకటి పడ్డాక మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గోడకు ఎదురుగా, 25 అడుగుల దూరంలో బండి నిలపండి. నేల చదునుగా ఉండాలి, టైర్లలో గాలి సరిగా ఉండాలి, డిక్కీలో బరువులు ఉండకూడదు. ల్యాంపు మధ్య భాగం నేలకు ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో మాస్కింగ్ టేపు అడ్డంగా అంటించండి. దానికి నాలుగు అంగుళాల కింద ఇంకో వరస. వెలుగు పై అంచు ఈ రెండో టేపు మీద పడాలి. అంతకన్నా పైకి ఉంటే అడ్జస్టర్ కొద్దికొద్దిగా తిప్పండి. ఎటు తిప్పితే కిందికి దిగుతుందో బండిని బట్టి మారుతుంది, చిట్టి గోడ దగ్గర నిలబడి చెబుతుంటే బాబ్జీ తిప్పాలి. కుడివైపు దానితో కూడా పోల్చుకోండి, రెండూ ఒకే గీత మీద ఉండాలి. అంచు పైకి ఉంటే మంచులో మీకే అడ్డం, ఘాట్ దిగి వచ్చే బస్సు డ్రైవర్ కళ్లలోనూ పడుతుంది.

మంచులో హై బీమ్ ఆపి, లో బీమ్‌తో, అంటే కిందికి కొట్టే హెడ్‌లైట్‌తో, పాటు ఫాగ్ లైట్లు వేయండి. మంచు విడగానే ఆపేయండి. బీచ్ రోడ్డు మీద స్టైల్ కోసం వేసుకుని తిరిగే కుర్రాళ్ల జాబితాలో మీరు చేరొద్దు.

పాత ల్యాంపులోని బల్బు బాగుంటే గుడ్డలో చుట్టి డాష్‌బోర్డ్ అరలో పెట్టండి, ఘాట్‌లో బల్బుల షాపు ఉండదు. స్క్రూలు కొన్ని స్టార్ తలవి ఉంటాయి, వాటికి స్టార్ బిట్లు కావాలి. నా దగ్గర సెట్ ఉంది, ఆదివారం వచ్చి పట్టుకెళ్లండి. మీ నానమ్మ బొబ్బట్లు చేస్తానంటోంది, మధ్యాహ్నం లోపే రండి.

మీ తాతయ్య