చెదపురుగుల దగ్గర పాఠం చెప్పించుకునే ఉద్యోగం

చిరంజీవులు చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో బుజ్జి అడిగింది కదా, బొమ్మలు వేయడమూ ఇష్టమే, పురుగుల్ని చూడడమూ ఇష్టమే, రెండూ కలిసిన ఉద్యోగం ఏదైనా ఉందా అని. ఉందే తల్లీ. ప్రకృతిలో ఒక పని ఎలా సాగుతోందో కనిపెట్టి, ఆ కిటుకుతో యంత్రాలో భవనాలో రూపొందించేవాళ్లున్నారు. ఫోన్లో చెబితే సగం వింటారు, సగం టీవీ చూస్తారు. అందుకే రాస్తున్నాను.

మిక్ పియర్స్ అని ఒక ఆర్కిటెక్టు. జింబాబ్వే రాజధాని హరారేలో పుట్టాడు. 1990ల్లో ఆ ఊళ్లోనే ఈస్ట్‌గేట్ అనే పెద్ద భవనం కట్టే పని ఆయనకు వచ్చింది. కింద దుకాణాలు, పైన ఆఫీసులు. మామూలు ఏసీ మాత్రం పెట్టకూడదు. ఆయన దృష్టి అక్కడి చెదపుట్టల మీద పడింది. మన పొలం గట్ల మీద ఉండేలాంటివే, కాకపోతే మనిషిని మించిన ఎత్తు. లోపల చెదలు ఒక రకం బూజును సేద్యం చేస్తాయి. తొలకరికి మన పుట్టల మీద లేస్తాయే, మీ అమ్మమ్మ కూర వండే తెల్ల పుట్టగొడుగులు, అవి ఆ బూజు బయటికి వేసిన గొడుగులే. లోపలి వేడిగాలి పైకి పోతూ ఉంటుందనీ, పుట్ట అలా చల్లగా ఉంటుందనీ స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త మార్టిన్ లూషర్ 1961లో రాశాడు. పియర్స్ తరం నమ్మింది ఆ మాటే.

భవనం 1996లో తెరిచారు. హరారే సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉంది. పగలు ఎంత ఎండ కాసినా రాత్రికి చల్లబడుతుంది. ఆ చలినే దాచుకోవాలనేది ఉపాయం. అంతస్తుల నేల కింద ఖాళీలు వదిలి, వాటిలోకి కాంక్రీటు పలకలు పొడుచుకొచ్చేలా పోశారు, గాలికి తగిలే చోటు పెరగాలని. రాత్రి ఫ్యాన్లు లోపలి గాలిని గంటకు 10 సార్లు మారుస్తాయి, పగలు 2 సార్లే. రాత్రంతా చల్లబడిన కాంక్రీటు పగలు మనుషుల వేడినీ కంప్యూటర్ల వేడినీ పీల్చుకుంటుంది. వేడెక్కిన గాలి కప్పు మీద ఉన్న 48 ఇటుక చిమ్నీల్లోంచి పోతుంది. కిటికీలు గోడలో పావు వంతుకు మించవు. నిలువునా అద్దాలు బిగించి, లోపల ఏసీ వేసుకుని స్వెట్టర్లు తొడుక్కునే మన హైదరాబాద్ ఆఫీసుల గురించి నేనేమీ అనను.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. స్కాట్ టర్నర్ అనే జీవశాస్త్రవేత్త, రూపర్ట్ సోర్ అనే ఇంజనీరు నమీబియాలో చెదపుట్టల్లో ప్లాస్టర్ పోసి, మట్టి కడిగి, లోపలి దారులన్నీ బయటపెట్టారు. 2008లో వాళ్లు తేల్చిందేమంటే, చెదల గూడు వేడి చుట్టూ ఉన్న నేల వేడినిబట్టే మారుతుంది. పైన లేచిన పుట్ట పని ఏసీ కాదు, ఊపిరి. చెడుగాలి బయటికి, మంచిగాలి లోపలికి. అంటే పియర్స్ నేర్చుకున్న పాఠమే సరికాదు. భవనం మాత్రం చక్కగా పనిచేస్తూనే ఉంది, ఎందుకంటే కాంక్రీటుకూ రాత్రి చలికీ సంబంధించిన లెక్కను ఆరప్ సంస్థ ఇంజనీర్లు విడిగా కట్టి చూసుకున్నారు. ఈ వృత్తిలో నాకు ఎక్కువ నచ్చింది ఇదే. పురుగు ఆలోచన ఇస్తుంది, పూచీ ఇవ్వదు.

మన పుట్టల సంగతి కూడా తేలింది. బెంగళూరులో పుట్టలకు పరికరాలు పెట్టి కొలిచి, హార్వర్డ్ శాస్త్రవేత్త మహాదేవన్ గారి బృందం 2015లో ఫలితాలు చెప్పింది. పుట్టకు బయట నిలువుగా పలచటి గట్లుంటాయి చూశారా? పగలు అవి లోపలికన్నా ముందు వేడెక్కుతాయి కాబట్టి గాలి వాటిలోంచి పైకెక్కి, నడుమ దారిలో కిందికి దిగుతుంది. రాత్రికి గట్లు ముందు చల్లబడి దారి తిరగబడుతుంది. ఫ్యాను లేదు, కరెంటు లేదు.

అలాగని ఈస్ట్‌గేట్ ప్లానును తెచ్చి బెజవాడలో కడితే మునుగుతాం. ఇక్కడ మే నెలలో అర్ధరాత్రి దాటినా గోడ మీద చెయ్యి పెట్టలేం. దాచుకోవడానికి చలి ఏదీ? ఈ ఊరి ఉక్కపోతను ఏ జీవి ఎలా తట్టుకుంటోందో వెతకాలి. చిన్నూ, నువ్వెప్పుడూ పట్టుకు తిరిగే తొండల్ని అడిగి చూడు.

చదువు సంగతి. ఆర్కిటెక్టు కావడానికి చదివే బీఆర్క్ ఐదేళ్లు. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ శాఖ ఉంది. మన దగ్గర పది కాగానే ఎంపీసీయా బైపీసీయా అని పిల్లల్ని రెండు గుంపులు చేస్తాం. ఈ పనికి రెండు గుంపులూ కావాలి. బీఆర్క్‌కు లెక్కలు తప్పవు కాబట్టి ఎంపీసీ తీసుకోండి, బయాలజీ పుస్తకాలు నేను కొనిపెడతాను. మీ అమ్మ కంగారు పడితే నాతో మాట్లాడమనండి.

ఇట్లు,
తాతయ్య