ఊసరవెల్లికి మీ చెయ్యి ఒక కొమ్మ

చిట్టీ, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. "తాతయ్యా, మేం పట్టుకోగానే మా ఊసరవెల్లి నల్లబడిపోయి, నోరు తెరిచి బుసకొడుతోంది. మామీద కోపమా?" అని అడిగారు. కోపం కాదర్రా, భయం. పూటకో మాట మార్చేవాణ్ణి ఊసరవెల్లి అని తిడతాం గానీ, నిజానికి దానికి మనసులో ఉన్నది దాచుకోవడం చేతకాదు. లోపల ఏముంటే ఒంటిమీద అదే.

దాని చర్మంలో కొన్ని కణాల నిండా గ్వానిన్ అనే పదార్థపు స్ఫటికాలు వరసలుగా పేర్చి ఉంటాయి. కంటికి ఆననంత చిన్నవి. వాటి మధ్య ఎడం తక్కువగా ఉంటే నీలం, ఎడం పెరిగితే పసుపూ ఎరుపూ కనిపిస్తాయి. మడగాస్కర్‌లో ఉండే పాంథర్ ఊసరవెల్లిని పరిశీలించి జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ఈ సంగతి తేల్చారు. నలుపు కథ వేరు. అది మెలనిన్ పని. మన జుట్టును నల్లగా ఉంచేదీ అదే.

నల్లబడిన ప్రతిసారీ కంగారుపడకండి. పొద్దున్నే గూట్లో వేడి కోసం పెట్టిన దీపం కిందికి చేరి, ఒళ్లు పలచగా పరిచి, వెచ్చదనం కోసం కూడా రంగు ముదురు చేసుకుంటుంది. ఒళ్లు కాగాక రంగు మళ్లీ లేతబడుతుంది. మీ చెయ్యి గూట్లోకి వెళ్లగానే ముదిరిందా, అది మిమ్మల్నే వద్దంటోంది.

నా తప్పు కూడా చెప్తాను వినండి. నా దగ్గర యెమెన్ జాతిది ఉండేది, తలమీద కిరీటంలా ఎత్తుగా ఎముక ఉంటుందే, అది. ఒకసారి ఇంటికొచ్చిన వాళ్లకు చూపించాలని పైనుంచి వీపు పట్టుకుని లాగాను. కొమ్మ వదల్లేదు. ఇంకాస్త లాగాను. ఒళ్లు ఉబ్బించి, నా వేలు కొరికి, ఆ తర్వాత రెండు రోజులు పురుగు ముట్టలేదు. దానికి పైనుంచి వచ్చేదంటే గద్దే మరి! అలా లాగితే కాళ్లకు దెబ్బ తగులుతుంది. తోక పట్టుకుని ఎత్తడం అసలే కూడదు. బల్లి తోకలా మళ్లీ మొలవదు అది.

ఇలా చెయ్యండి. చెయ్యి మెల్లగా, దాని ఛాతీకి ఎదురుగా, కాస్త కిందుగా పెట్టి ఆగండి. ఎంతసేపంటే, చెయ్యి నొప్పి పుట్టేంతసేపు. ఒక కన్ను మీ ముఖం మీద ఉంటుంది, రెండోది వేళ్ల వైపు తిరుగుతుంది. ముందుకాలు ఎత్తుతుంది, ఎండుటాకులా ఊగుతుంది, మనసు మార్చుకుంటుంది. మళ్లీ ఎత్తుతుంది. ఎక్కిందంటే ఆ పాదం పట్టకారులా బిగుస్తుంది: లోపలివైపు మూడు వేళ్లు, బయటివైపు రెండు. వెనక కాళ్లకు ఇదే తిరగబడి ఉంటుంది. ఎక్కకపోతే ఆ పూటకు వదిలెయ్యండి.

రోజూ ఎత్తుకుంటే ప్రేమ పెరుగుతుందని మీకెవరో చెప్పారన్నారు కదా, నేనైతే నమ్మను. అది కుక్కపిల్ల కాదు, సొంత జాతివాళ్లనే దగ్గరికి రానివ్వని ఒంటరి జీవి. తోడు కావాలని రెండోదాన్ని తెచ్చి అదే గూట్లో పెట్టకండి. మీ చేతిమీద పట్టపగలు కళ్లు మూసుకుంటే ముద్దుగా నిద్రపోతోంది అనుకోకండి. బాగా బెదిరిందో, జబ్బు చేసిందో అయ్యుంటుంది. వెంటనే గూట్లో వదిలి, మీ నాన్నకు చెప్పి, సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లమనండి. ముట్టుకున్నాక ప్రతిసారీ చేతులు సబ్బుతో కడగండి, సాల్మొనెల్లా అనే, కడుపు పాడుచేసే సూక్ష్మక్రిమి అంటొచ్చు.

గూడు నేలమీద ఉందని రాశారు. బల్లమీదికి ఎత్తండి, అది మీ తలల కన్నా ఎత్తులో కూర్చునేలా. మిమ్మల్ని పైనుంచి చూస్తున్నంతసేపూ దానికి ధీమా.

అన్నట్టు, మీరు పంపిన ఫోటోలో గూటి పక్కనే అద్దం కనబడింది. పొద్దస్తమానం ఎవడో పరాయివాడు ఎదురుగా నిలబడి చూస్తున్నాడని అనుకుంటూ ఉండుంటుంది పాపం. ముందు ఆ అద్దం తీసెయ్యండి.

మీ తాతయ్య