మే 13 భయం, మే 9 ఓటు

మలేషియాలో ప్రభుత్వం మారాలని ఇంట్లో కుర్రవాళ్లు గొంతు పెంచితే, పెద్దవాళ్లు చాలాకాలం ఒక తేదీ చెప్పి నోరు మూయించేవారు: మే 13. సంవత్సరం చెప్పనక్కర్లేదు, అందరికీ తెలుసు. 1969.

1957లో స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి 2018 దాకా, 61 ఏళ్లపాటు ఆ దేశాన్ని ఏలింది ఒకే కూటమి. అందులో పెద్దన్న మలయ్‌ల పార్టీ అమ్నో. చైనా మూలాలున్నవారికి ఒక పార్టీ, భారతీయ మూలాలున్నవారికి మరొకటి దాని పక్కన ఉండేవి. పదవులైనా పథకాలైనా ఏ జాతి వాటా ఆ జాతి నాయకుడి చేతికి వచ్చేది, ఆయన తనవారికి పంచేవాడు. ఎన్నికలు దాదాపు ఎప్పుడూ వేళకే జరిగేవి. గెలిచేదెవరో మాత్రం ముందే తెలిసిపోయేది.

1969 మే 10న ఆ లెక్క తప్పింది. కూటమి అధికారం నిలబెట్టుకున్నా దానికి పడ్డ ఓట్లు మొత్తం ఓట్లలో సగానికన్నా తగ్గాయి. ప్రతిపక్షాలు కౌలాలంపూర్‌లో విజయోత్సవ ఊరేగింపులు తీశాయి. మూడో రోజున మలయ్‌లకూ చైనీయులకూ మధ్య అల్లర్లు చెలరేగాయి. అధికారిక లెక్కలో మృతులు 196 మంది. అసలు సంఖ్య అంతకన్నా చాలా ఎక్కువని నమ్మేవారు నేటికీ ఉన్నారు. అత్యవసర పరిస్థితి విధించారు. పార్లమెంటు 1971 దాకా సమావేశం కాలేదు. ఆ మధ్యకాలంలో దేశాన్ని నడిపిన మండలికి అధిపతి అబ్దుల్ రజాక్. ఆయనే తర్వాత ప్రధాని అయి, పాత కూటమిలోకి మరిన్ని పార్టీలను చేర్చుకుని బారిసన్ నేషనల్‌ను నిర్మించారు.

ఆనాటి నుంచి ప్రతి ఎన్నికకూ మే 13 ఒక బెదిరింపుగా పనికొచ్చింది. మాకు ఓట్లు తగ్గితే రక్తం పారుతుందన్న మాటను సూటిగా అననక్కర్లేదు. తేదీ గుర్తుచేస్తే చాలు.

అయితే అరవై ఏళ్లు భయం ఒక్కదాని మీదే నెట్టుకొచ్చారంటే అది అన్యాయమే. 1971లో మొదలైన కొత్త ఆర్థిక విధానం మలయ్‌లకు చదువుల్లో, ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో ప్రత్యేక అవకాశాలు ఇచ్చింది. 1970లో ద్వీపకల్ప మలేషియాలో దాదాపు సగం కుటుంబాలు పేదరికంలో ఉండగా, 1990 నాటికి అది ఆరో వంతు దరిదాపుల్లోకి దిగింది. రోడ్లు, బడులు, కరెంటు వచ్చాయి. అన్నం పెట్టిన చేతిని ఎందుకు కాదనుకోవాలి అని అడిగినవారు అమాయకులూ కాదు, అమ్ముడుపోయినవారూ కాదు. వారి లెక్క వారికుంది. కాకపోతే ఆ లెక్కలో ఒక పద్దు రాయకుండా వదిలేసేవారు. 1987 అక్టోబరులో మహాతిర్ మొహమ్మద్ ప్రభుత్వం అంతర్గత భద్రతా చట్టం కింద నూరుమందికి పైగా నిర్బంధించి, మూడు పత్రికలను మూయించింది. 1998లో ఆయనే తన ఉపప్రధాని అన్వర్ ఇబ్రహీంను తొలగించారు. అన్వర్ కమిలిన కంటితో కోర్టుకు వచ్చిన ఫోటో చూశాక ఒక తరం మరింతగా వీధిలోకి వచ్చింది.

నా దృష్టిలో అసలు మలుపు 2007. ఆ నవంబరు 10న పసుపు చొక్కాలు వేసుకున్న వేలమంది రాజభవనం వైపు నడిచారు. ఆ ఉద్యమం పేరు బెర్సిహ్, మలయ్ భాషలో ‘శుభ్రం’ అని అర్థం. వారు అడిగింది ప్రధాని రాజీనామా కాదు. ఓటర్ల జాబితా ప్రక్షాళన, వేలికి చెరగని సిరా, పోస్టల్ ఓట్ల సంస్కరణ, పత్రికలూ టీవీల్లో అందరికీ చోటు. మన దగ్గర ఓటేసి వచ్చినవాళ్లు వేలు చూపించి ఫోటో దిగే ఆ సిరా చుక్క కోసం అక్కడ బాష్పవాయువు భరించారు! 2008లో సిరా కొన్నారు కూడా. పోలింగ్‌కు నాలుగు రోజుల ముందు వద్దన్నారు. 2013లో వాడారు, సబ్బుతో కడిగితే పోయింది.

అదే నెల 25న బ్రిటిష్ హైకమిషన్ దగ్గరికి భారతీయులు కదిలారు. రబ్బరు తోటలకు కూలీలుగా తెచ్చి వదిలేసినందుకు బ్రిటిష్ రాణికి వినతిపత్రం ఇవ్వాలన్నది హిండ్రాఫ్ అనే హిందూ హక్కుల సంస్థ పిలుపు. గాంధీ బొమ్మలు పట్టుకొచ్చిన జనం మీద నీటి ఫిరంగులు ప్రయోగించారు. వచ్చినవారిలో ఎక్కువమంది తమిళులే. నాలుగు నెలలు తిరక్కముందే, 2008 మార్చి ఎన్నికల్లో, 1979 నుంచి భారతీయుల పార్టీకి అధ్యక్షుడిగా ఉన్న సామివేలు తన సొంత నియోజకవర్గం సుంగై సిపుట్‌లో ఓడిపోయారు. కూటమికి మూడింట రెండొంతుల మెజారిటీ పోయింది, అయిదు రాష్ట్రాల్లో ప్రతిపక్షం గెలిచింది. వీధుల్లో అల్లర్లు జరగలేదు. మే 13 పదును తగ్గిందని జనానికి ఆ రాత్రి తెలిసింది.

2013లో ప్రతిపక్షానికి 50.9 శాతం ఓట్లొచ్చినా గెలిచింది 89 స్థానాలే. 47 శాతంతో కూటమికి 133. కాపర్ నియోజకవర్గంలో 1,44,000 మందికి ఒక సభ్యుడు, పుత్రజయలో 15,800 మందికి ఒకరు. ఇక ఫలితం అలా రాక ఎలా వస్తుంది?

2015లో ప్రభుత్వ పెట్టుబడి సంస్థ 1ఎండీబీ నిధుల కుంభకోణం బయటపడింది. ప్రధాని నజీబ్ రజాక్ ఖాతాల్లోకి దాదాపు 70 కోట్ల డాలర్లు చేరినట్లు వార్తలొచ్చాయి. ఈయన అబ్దుల్ రజాక్ కుమారుడే. ఆ ఆగస్టు పసుపు ర్యాలీలో తొంభై ఏళ్ల మహాతిర్ ప్రత్యక్షమయ్యారు. 1987లో జైళ్లు నింపిన మనిషి! మింగుడుపడనివారు చాలామందే. ఆ సభకు మలయ్‌లు తక్కువగా వచ్చారు, ఆయన చేరితే తప్ప గ్రామాల్లో ఓట్లు కదలవన్న లెక్క గెలిచింది.

2018 మే 9న, బుధవారం, పోలింగ్ పెట్టారు. పనిరోజున ఎవరు ఊళ్లకు వెళ్లి ఓటేస్తారన్నది పాలకుల ధీమా అని జనం అనుకున్నారు. బస్సు చార్జీలకు ముక్కూమొహం తెలియనివారు డబ్బు పంపుకున్నారు, కార్లలో సీట్లు పంచుకున్నారు. విదేశాల్లో ఉన్నవారు పోస్టల్ ఓట్లను విమానాశ్రయాల్లో స్వదేశానికి వెళ్లేవారి చేతిలో పెట్టి పంపారు. పాత కూటమికి 222 స్థానాల్లో 79 దక్కాయి, అధికారం పోయింది.

ప్రతిపక్షాలు మహాతిర్ నాయకత్వంలో ఏర్పరచిన కొత్త ప్రభుత్వం 22 నెలలకే ఫిరాయింపులతో కూలింది. 2021లో అమ్నో నాయకుడే మళ్లీ ప్రధాని. ఇంత చేసీ ఏం మిగిలిందని అడిగినవారికి నేనైతే రెండు చట్టాలు చూపిస్తాను: ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించిన 2019 రాజ్యాంగ సవరణ, 2022 నాటి ఫిరాయింపుల నిషేధం. పాలకుణ్ని మార్చమన్నవారికి దక్కింది 22 నెలలు. నియమాలు మార్చమన్నవారికి దక్కినవి ఇంకా అమల్లో ఉన్నాయి.

2022 నవంబరులో అన్వర్ ప్రధాని అయ్యారు, అదీ అమ్నో మద్దతుతో. అమ్నో అధ్యక్షుడు జాహిద్ హమీది ఉపప్రధాని. ఆయన నియోజకవర్గం పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతుక్. ఒకప్పుడు ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన తెలుగు కూలీలు కొబ్బరి తోటల్లో స్థిరపడిన ప్రాంతం. 1995 నుంచి ఆయన గెలుస్తూ వస్తున్న ఆ స్థానంలో, ఆ ఎన్నికలో మెజారిటీ 348 ఓట్లు.