తుప్పు పట్టిన జీపులో వేల బుల్లి బ్యాటరీలు

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిని ఇంట్లోనే బాగుచేద్దామని దిగినవాళ్లు చాలామంది ముందు ఇంజన్ మీద పడతారు. నేనూ అంతే. నిజానికి ఇంజన్ పనే సులువు. అరిగినదాన్ని విప్పి కొలిచి కొత్తది వేస్తే సరిపోతుంది. అసలు కథ బండి కింద వెల్లకిలా పడుకుని, చిన్న సుత్తితో దాని బరువు మోసే చట్రాన్ని, అంటే ఛాసిస్‌ని తట్టినప్పుడు మొదలవుతుంది. ఉక్కు గట్టిగా ఉన్నచోట ఖంగుమని మోగుతుంది. లోపల తినేసిన చోట మాత్రం డొక్కు డబ్బాని కొట్టినట్టు బోలుగా చప్పుడవుతుంది. రెండో దెబ్బకి ఎర్రటి పొట్టు మొహం మీద రాలుతుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయొద్దని నాకు ఆ రెండో దెబ్బే నేర్పింది.

నేను నెత్తికెత్తుకున్నది పాత ల్యాండ్ రోవర్. ఈ బండిని 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ షోలో మొదటిసారి చూపించారు. యుద్ధం ముగిసి మూడేళ్లు కూడా కాలేదు, బ్రిటన్‌లో ఉక్కుకి కటకట. అందుకని బాడీ రేకుల్లో ఎక్కువభాగం బర్మాబ్రైట్ అనే అల్యూమినియం, మెగ్నీషియం మిశ్రమంతో చేశారు. ఛాసిస్ మాత్రం ఉక్కే, నాలుగు పలకల్ని పెట్టెలా వెల్డింగ్ చేసి తయారుచేసింది. ఇలాంటి బండి కొన్నవాళ్లు ‘అల్యూమినియం బాడీ కదా, తుప్పు బెడద లేదు’ అని మురిసిపోతుంటారు. అందులో సగమే నిజం.

తుప్పంటే ఇనుముకి పట్టిన చెదలాంటిదని, తడి తగిలిన చోటల్లా పైనుంచి సమానంగా కొరుక్కుంటూ పోతుందని అనుకుంటాం. అది అసలు కరెంటు వ్యవహారం. 1920ల్లో కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త ఒక్క నీటిబొట్టుతో దీన్ని చూపించాడు. శుభ్రంగా రుద్దిన ఇనుపరేకు మీద ఉప్పునీటి చుక్క వేయాలి. ఇనుము కరిగితే నీలంగా, క్షారం పుడితే గులాబీరంగుగా మారే రసాయనాలు అందులో ముందే కలిపి ఉంచాలి. కాసేపటికి చుక్క మధ్యలో నీలం, అంచుల్లో గులాబీరంగు తేలతాయి. అంచుల దగ్గర నీటిపొర పల్చన కాబట్టి గాలిలోని ఆక్సిజన్ బాగా అందుతుంది, మధ్యలో అందదు. ఆ తేడా చాలు, చుక్క బుల్లి బ్యాటరీ అయిపోతుంది. మధ్యలో ఇనుము కరుగుతూ ఎలక్ట్రాన్లను వదులుతుంది. అవి లోహం గుండా అంచులకు వెళ్లి అక్కడ ఆక్సిజన్‌తో కలుస్తాయి. ఎర్రటి తుప్పు ఈ రెంటి మధ్య వలయంలా పేరుకుంటుంది.

ఇక్కడ నాకు ఒళ్లు ఝల్లుమన్న సంగతి ఒకటుంది. గాలి బాగా తగిలే చోట కాదు, తగలని చోటే ఇనుము కరుగుతోంది! ఛాసిస్ బయటివైపు నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, లోపలివైపు మాత్రం బురద పేరుకున్న మూలల్లో జల్లెడైపోతుంది. నీళ్లు కారిపోవడానికి అడుగున పెట్టిన చిల్లులు మట్టితో పూడుకుపోతే ఇక చెప్పక్కర్లేదు. వాగులూ బురదా దాటడానికే పుట్టిన బండి కదా, ఈ జబ్బు దానికి పుట్టుకతో వచ్చిందే అనుకోవాలి.

ఇరుసుల్లోకి నీళ్లు చేరే తీరు కూడా తమాషాగానే ఉంటుంది. పరుగెత్తి వేడెక్కిన డిఫరెన్షియల్, అంటే ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె, చల్లటి వాగులో మునిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. గాలి ఆడే సన్నటి గొట్టం, అంటే బ్రీదర్, మూసుకుపోయి ఉంటే ఇరుసు ఆయిల్ సీళ్ల పక్కనుంచి నీళ్లను పీల్చేస్తుంది. డ్రెయిన్ ప్లగ్గు విప్పగానే ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా కారిందంటే బేరింగులు కూడా చూడాల్సిందే.

ఇక అల్యూమినియం దగ్గరికొద్దాం. రెండు వేర్వేరు లోహాలు ఆనుకుని ఉండి మధ్యలో తడి చేరితే బ్యాటరీకి కావాల్సిన సరుకంతా సమకూరినట్టే. ఉక్కు, అల్యూమినియం జోడీలో అరిగిపోయేది సాధారణంగా అల్యూమినియమే. ల్యాండ్ రోవర్ తలుపుకి లోపల ఉక్కు చట్రం, పైన అల్యూమినియం రేకు ఉంటాయి. తలుపు అడుగు అంచున పెయింట్ బొబ్బలెక్కి, గోటితో గిల్లితే తెల్లటి పొడి రాలుతుంది. అది అల్యూమినియం తుప్పు. పెద్ద అల్యూమినియం రేకులో చిన్న ఉక్కు బోల్టుంటే నష్టం నెమ్మదిగా జరుగుతుంది. అదే పెద్ద ఉక్కుపలకలో చిన్న అల్యూమినియం రివెట్టు కొట్టారనుకోండి, పలక బాకీ అంతా ఆ ఒక్క రివెట్టే తీర్చాలి, త్వరగానే హరించుకుపోతుంది.

పట్టేసిన బోల్టులకూ కారణం ఇదే. తుప్పు తాను పుట్టిన ఇనుముకన్నా కనీసం రెండింతల చోటు ఆక్రమిస్తుంది. మర సందుల్లో అంత జాగా ఎక్కడిది? అందుకే బిగుసుకుపోతుంది. స్పానర్‌కి పైపు తొడిగి బలం చూపిస్తే బోల్టు తల ఊడి చేతికొస్తుంది. టార్చ్‌తో నట్టుని వేడి చేయడం మేలు. 10 మిల్లీమీటర్ల నట్టు 500 డిగ్రీలు వేడెక్కితే దాని రంధ్రం దాదాపు 0.06 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. వెంట్రుక మందమే అయినా తుప్పు పట్టు సడలడానికి ఒక్కోసారి అది చాలు. పెట్రోల్ ట్యాంకు దరిదాపుల్లో మాత్రం వద్దు.

విప్పిన చిన్న సామాన్లకు నాకు అన్నిటికన్నా నచ్చిన వైద్యం, ఆ బ్యాటరీనే వెనక్కి తిప్పడం. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి కాస్త వాషింగ్ సోడా కలపాలి. బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ వైరు తుప్పు సామానుకి, పాజిటివ్ వైరు పనికిరాని ఇనుపముక్కకి తగిలించాలి. సామాను చుట్టూ సన్నటి బుడగలు లేస్తాయి, అది హైడ్రోజన్. కాబట్టి ఆరుబయటే చేయాలి, నిప్పు దగ్గరకు రానివ్వకూడదు. మర్నాటికి ఎర్ర తుప్పు నల్లటి మడ్డిలా మారి, బ్రష్‌తో రుద్దితే ఊడిపోతుంది. సోడా బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది. ఇనుపముక్క బదులు స్టెయిన్‌లెస్ స్టీల్ పెడితే విషపు క్రోమియం నీళ్లలో కలుస్తుంది. అల్యూమినియం సామానునైతే సోడా నీళ్లే తినేస్తాయి. ఒకసారి నేను నిద్రమత్తులో వైర్లు తారుమారు చేశాను. తెల్లారేసరికి పాత ఇనుపముక్క తళతళలాడుతోంది, బంగారంలాంటి తలుపు కీలు మాత్రం సగం కరిగింది.

శుభ్రం చేశాక చేసేదంతా కరెంటు దారులు మూయడమే. జింక్ కలిసిన ప్రైమర్ వేస్తాం, గీత పడినా ఇనుముకన్నా ముందు జింకే కరిగి కాపాడుతుంది. దాని మీద పెయింట్, ఛాసిస్ పెట్టె లోపల మైనం, రెండు లోహాలు కలిసే చోట రబ్బరు పట్టీ. రెండు నెలలు ఇదే పని. ఎక్కడా లోహం కంటికి కనపడకుండా కప్పేశాను.

చివరికి బ్యాటరీ బిగించి స్విచ్ వేస్తే ఒక్క లైటూ వెలగలేదు. ఫ్యూజు బాగుంది, బల్బు బాగుంది. గంటసేపు టెన్షన్ పడ్డాక వెలిగింది, బల్బు కాదు, బుర్ర. బల్బు దాకా వైరులో వెళ్లిన కరెంటు తిరిగి రావాల్సింది బండి లోహం గుండానే. ఆ దారిని నా పెయింటే మూసేసింది. స్టార్టర్ తిప్పి ఉంటే వందకుపైగా ఆంపియర్లు ఇంకో దారి వెతుక్కుని చోక్ కేబుల్‌ని కాల్చేసేవి. కత్తి తీసుకుని, మెరుస్తున్న కొత్త పెయింట్‌ని బొటనవేలి గోరంత మేర ఉక్కు కనపడేదాకా గీకాను. ఎర్త్ వైరు పెట్టి బోల్టు బిగించి, పైన కాస్త వాజిలీన్ పూశాను. కుడివైపు హెడ్‌లైటు వెలిగింది. ఎడమవైపు కూడా గీకాలి.