రూట్ ఎవరయ్యారు? ఎలా అయ్యారు?

మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయంట్ కేంద్రాలు మొదలయ్యాయి. అలాంటి చోటైనా, హనుమకొండలో ఓ కాలేజీ ల్యాబ్ అయినా, లైనక్స్ సర్వర్ చూసే అడ్మిన్‌కు పాత ప్రశ్నే ఎదురవుతుంది: మామూలు యూజర్ రూట్ (సర్వర్‌పై సర్వాధికారాలున్న ఖాతా) ఎలా అయ్యాడు?

రూట్ పాస్‌వర్డ్ నలుగురి చేతిలో ఉంటే తప్పు ఎవరిదో తేలదు. 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలోలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ సుడో రాశారు. రూట్ పాస్‌వర్డ్ ఇవ్వకుండానే, అనుమతి ఉన్న యూజర్‌తో రూట్‌గా కమాండ్ నడిపించే ప్రోగ్రాం ఇది. ఎవరు, ఏ టెర్మినల్ నుంచి, ఏ కమాండ్ నడిపారో ఇవాళ అది లాగ్‌లో రాస్తుంది. కానీ సుడోతో వీఐ అనే ఎడిటర్ తెరిచి, అందులోంచే షెల్‌లోకి (కమాండ్లు టైప్ చేసే చోటికి) దిగితే లాగ్‌లో మిగిలేది వీఐ ఒక్కటే. టైప్ చేసిన కమాండ్లను దాచే బాష్ హిస్టరీ సంగతి సరేసరి, అది యూజర్ సొంత ఫైలు. తుడిచేయడం క్షణం పని.

2021 జనవరిలో అసలు దెబ్బ తగిలింది. 2011 నుంచి సుడోలోనే దాగిన లోపాన్ని క్వాలిస్ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. సుడో అనుమతి లేని యూజర్ కూడా దాంతో రూట్ కావొచ్చు. ఏడాది తిరక్కుండానే సుడో లాంటి మరో ప్రోగ్రాం పీకే-ఎగ్జెక్‌లో 2009 నాటి లోపం బయటపడింది. దాన్ని లాగ్‌లో జాడ లేకుండానే వాడుకోవచ్చు. కాపలావాడే లొంగిపోయాక వాడి రిజిస్టర్ ఎందుకు?

అందుకే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) స్థాయిలో జరిగేవి నమోదు చేసే ఆడిట్‌డీ కావాలి. ప్రోగ్రాంను నడిపించే ఎగ్జెక్‌వీఈ కాల్‌పై రూల్ పెట్టాలి: ఈయూఐడీ (ప్రోగ్రాం ఎవరి అధికారంతో నడుస్తోందో చెప్పే నంబర్) 0, అంటే రూట్; ఏయూఐడీ 1000 లేదా ఆపైన, అంటే మామూలు యూజర్; 4294967295 (లాగిన్ లేదని గుర్తు) మాత్రం కాకూడదు. ఏయూఐడీ లాగిన్‌లో పడే నంబర్. సు (వేరే యూజర్‌గా మారే కమాండ్), సుడో చేసినా మారదు. 64 బిట్‌కు ఒక్కదానికే రూల్ రాస్తే 32 బిట్ ప్రోగ్రాం తప్పించుకుంటుంది, రెండూ రాయాలి. ఏయూఐడీ 1001 పేరున రూట్ షెల్ కనిపించి, ఆ సమయానికి ఆథ్ లాగ్‌లో (లాగిన్లు, సుడో వాడకాల నమోదులో) సుడో, సు వరుస లేకపోతే అనుమానించాల్సిందే.

చాలామంది మరిచేది వెబ్ సర్వర్‌ను. అపాచీ వంటి వెబ్ సర్వర్ సర్వీస్‌గా లేస్తుంది, లాగిన్ ఉండదు. దాని ఏయూఐడీ సరిగ్గా ఆ 4294967295. పై రూల్ దాన్ని పట్టదు. వెబ్ యూజర్ నడిపే కమాండ్లకు వేరే రూల్ తప్పదు. విండోస్‌లో కొత్త ప్రోగ్రాం మొదలైందని చెప్పే 4688 ఈవెంట్ ఉన్నా, కమాండ్ లైన్ నమోదును విడిగా ఆన్ చేయాలి.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, గడియారాలను ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) సమయంతో కలపాలి. గడియారాలు తేడాగా ఉంటే వేర్వేరు సర్వర్ల లాగ్‌లు జత కుదరవు. లాగ్‌లు వెంటనే వేరే మెషీన్‌కు వెళ్లాలి, రూట్ అయినవాడు మొదట చెరిపేది వాటినే.