మళ్ళీ పరుగు మొదలుపెట్టిన పిల్లలకు

పిల్లలూ,

చాలాకాలం మానేసి మళ్ళీ పరుగు మొదలుపెట్టామనీ, కాళ్ళకంటే ముందు మనసే చేతులెత్తేస్తోందనీ రాశారు. మొదటి నిమిషాల్లో అలా అనిపించడం పట్టుదల లేక కాదు. పరుగు ఎత్తుకోగానే కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. గుండె, ఊపిరితిత్తులు ఆ అవసరాన్ని అందుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోపు ఆయాసం వస్తుంది, "నావల్ల కాదు" అని లోపల గోల మొదలవుతుంది. అప్పుడు ఆగిపోకండి, వేగం తగ్గించండి. చాలాసార్లు గోల దానంతటదే సద్దుమణుగుతుంది.

కొత్తగా పరిగెత్తేవాళ్ళకు లేని చిక్కు మీకొకటి ఉంది. పాత వేగం మీ మనసుకు గుర్తుంది, ఒంట్లో మాత్రం ఆ సత్తువ లేదు. వ్యాయామం మానేసిన కొన్ని వారాల్లోనే గుండె ఒక్కో దెబ్బకు పంపే రక్తం తగ్గుతుంది. అందుకే అదే వేగానికి ఇప్పుడది ఎక్కువసార్లు కొట్టుకోవాలి. పాత టైమింగ్ పెట్టుకుని పరిగెత్తితే రోజూ ఓడిపోయినట్టే ఉంటుంది. మొదటి నెల వాచీ తీసి పక్కన పెట్టేయండి. పరిగెడుతూ ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే.

మధ్యలో నడవడం నామోషీ అనుకోకండి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాల్లోవే తన శిష్యులకు నేర్పింది అదే: అలిసిపోయాక కాదు, అలిసిపోకముందే నడవాలి. రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడకతో మొదలుపెట్టండి. ఇందులో మనసుకూ లాభముంది. ఎంతసేపు ఓర్చుకోవాలో ముందే తెలిస్తే టెన్షన్ సగం పోతుంది.

ఇంకో సంగతి మీ చదువులకు సంబంధించింది. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, కొందరితో 90 నిమిషాలు ఏకాగ్రత పరీక్ష చేయించి, తర్వాత ఇక తొక్కలేమనేదాకా సైకిల్ తొక్కించారు. మామూలుగా సగటున 754 సెకన్లు తొక్కినవాళ్ళు ఆ రోజు 640 దగ్గరే ఆగిపోయారు. గుండె, ఊపిరి లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, కష్టం మాత్రం ఎక్కువ అనిపించింది. కాబట్టి పరీక్షలకు చదివి చదివి సాయంత్రం పరుగుకు వెళ్ళి, కాళ్ళు పాడైపోయాయని బెంగపెట్టుకోకండి. కుదిరితే చదువుకు ముందే పరిగెత్తండి, లేదంటే ఆ రోజుకి దూరం తగ్గించుకోండి. ఆ రోజు బయటికి వెళ్ళడమే గొప్ప అని నా లెక్క.

మోకాలి నొప్పిని ఓర్చుకోవాలా అని చిన్నాడు అడిగాడు. ఆయాసం, ఒళ్ళు బరువెక్కడం ఓర్చుకోవచ్చు. ఒకేచోట పొడిచినట్టుండి, అడుగడుగుకీ పెరిగే నొప్పిని ఓర్చుకోకూడదు, ఆపేయాలి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం అయితే ఆపి డాక్టరుకు చూపించాల్సిందే. గుండె, ఊపిరితిత్తులు త్వరగా కోలుకుంటాయిగానీ ఎముకలు, కండరాల్ని ఎముకలకు పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడటానికి నెలలు పడుతుంది. అందుకే ఉత్సాహం బాగా ఉన్న రోజున కూడా హద్దు దాటకండి. ఒరేయ్ చిన్నా, ఈ వారం మూడు రోజులే, రోజు విడిచి రోజు. నాలుగో రోజు అడగొద్దు.

మీ పెదనాన్న