టెడ్ ఆలెన్ విసిరిన నాడాలు

ప్రియమైన చిన్నారులకు,

మీలో అమెరికాలో ఉంటున్నవాళ్ళు అక్కడి పార్కుల్లో చూసే ఉంటారు. ఇసుక పోసిన గుంటలో కాస్త ముందుకు వంచి పాతిన ఇనప కడ్డీ, దూరంగా ఎదురుగా అలాంటిదే ఇంకొకటి. అది హార్స్‌షూ ఆట ఆడేచోటు. గుర్రపు నాడాలాంటి ఇనప ముక్కని విసిరి ఆ కడ్డీ చుట్టూ పడేలా చెయ్యాలి. ఈ ఆటనే బతుకుగా చేసుకున్న టెడ్ ఆలెన్ గురించి మీకు చెప్పాలని ఎప్పట్నించో అనుకుంటున్నాను.

ముందు అదెంత కష్టమో చూడండి. పెద్ద మగవాళ్ళ పోటీల్లో కడ్డీల మధ్య దూరం 40 అడుగులు. ఆడవాళ్ళకీ, మీలాంటి పిల్లలకీ 30. కడ్డీ మందం ఒక్క అంగుళం. నాడా నోరు మూడున్నర అంగుళాలకి మించకూడదు. బరువేమో కిలో దాటుతుంది. అది గాల్లో తిరుగుతూ వెళ్ళి, కడ్డీని చేరేసరికి నోరు సరిగ్గా అటువైపే ఉండాలి. కొంచెం ఎక్కువ తిరిగినా, తక్కువ తిరిగినా తగిలి ఎగిరి అవతల పడుతుంది. అందుకే ఆట తెలిసినవాళ్ళు నాడాని ఇష్టమొచ్చినట్టు గిరగిరా తిప్పి వదలరు. ఒకటీపావు చుట్టో, ఒకటీముప్పావు చుట్టో తిరిగేలా మణికట్టుని అలవాటు చేసుకుంటారు.

కడ్డీ చుట్టూ పడితే దాన్ని రింగర్ అంటారు, 3 పాయింట్లు. అయితే మీరొకటి, ఎదుటివాళ్ళొకటి రింగర్ వేస్తే రెండూ చెల్లిపోతాయి, ఎవరికీ ఏమీ రాదు. ఇద్దరూ గొప్ప ఆటగాళ్ళైతే స్కోరు ఎంతకీ కదలదు. అలసటకన్నా ఆ టెన్షనే మనిషిని పడగొడుతుంది. టెడ్ ఆలెన్ ఒకసారి వరసగా 72 రింగర్లు వేశాడు. ఒక్కో వంతులో రెండు విసురుతారు కాబట్టి, 36 వంతులపాటు చెయ్యి తప్పలేదన్నమాట! నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఆయన 1908లో కాన్సస్ రాష్ట్రంలో పుట్టాడు. మొదటి ప్రపంచ టైటిల్ 1933లో చికాగోలో గెలిచాడు. పదోది 1959లో, యాభై ఏళ్ళు నిండాక. ఆ మధ్యలో ఫెర్నాండో ఇసాయిస్‌లాంటి గట్టి పోటీదారు ఉన్నాడు. ఆయనా 8 సార్లు ప్రపంచ విజేతే.

కానీ నేను టెడ్‌ని ఎక్కువగా మెచ్చుకునేది ఇంకో పనికి. ఈ ఆటని దూరంనుంచి చూసేవాళ్ళకి ఖంగుమనే చప్పుడు తప్ప పెద్దగా ఏమీ అర్థం కాదు. టోర్నమెంట్ పెట్టి జనం రావాలంటే రారు. అందుకని జనం ఉన్నచోటికే తను వెళ్ళాడు. పొగరు గుర్రాలనీ ఎద్దులనీ లొంగదీసే రోడియో ప్రదర్శనల్లో, వేలమంది ముందు, నాడాలతో విన్యాసాలు చేసి చూపించేవాడు. ఇంటికెళ్ళి తామూ ఆడాలనుకునేవాళ్ళకి నాడాలు కావాలి కదా, అవీ తన పేరుతోనే తయారుచేయించి అమ్మాడు. గెలవడం ఆయనకి ఎంత ముఖ్యమో, ఇంకొకరిచేత ఆడించడం కూడా అంతే ముఖ్యం.

మీకూ ఆడాలనిపిస్తే ముందు రబ్బరు నాడాలతో మొదలుపెట్టండి. ఎన్ని విసిరారో, ఎన్ని రింగర్లు పడ్డాయో రాసుకుని శాతం లెక్కకట్టండి. పెద్ద ఆటగాళ్ళకీ అదే కొలత. ఒకరు విసురుతుంటే ఎదుటి కడ్డీ దగ్గర మాత్రం ఎవరూ నిలబడకూడదు. మీ లెక్కలు నాకు రాసి పంపండి.

ప్రేమతో,
మీ తాతయ్య